ఫ్యాను తిరిగితే చాలదండీ

దేవసహాయం మాస్టారితో భార్య సువర్ణకు ఒక్కటే చిక్కు. ఏం చెప్పినా వినకుండానే “ఆయ్” అంటారు. ఇల్లంటుకుందన్నా “ఆయ్” అనే రకం.

ఆ వేళ అమలాపురంలో ఎవరో వాడి వదిలేసిన పవర్ సప్లై పెట్టె ఒకటి మాస్టారు ఇంటికి తెచ్చారు. బళ్ళో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్‌కి మర్నాడు బిగించాలి. ప్లగ్గు పెట్టగానే లోపలి చిన్న ఫ్యాను గుర్రుమంది.

“తిరుగుతోంది. అంటే బాగున్నట్టే,” అని తేల్చేశారు.

“ఫ్యాను తిరిగితే చాలదండీ,” అంది ఫిజిక్సులో డిగ్రీ చేసిన సువర్ణ. “కారు బల్బు తగిలించి, అది వెలుగుతుండగా మీటరుతో వోల్టులు చూడాలి. తేడా వచ్చిందా, రేపు కంప్యూటర్ కాలి కూర్చుంటుంది. బిగించింది మీరే కాబట్టి మీ పీకకే చుట్టుకుంటుంది.”

“ఆయ్.”

భోజనాల వేళకు ఊరంతా కరెంటు పోయింది. సువర్ణ వంటింట్లో లాంతరు వెలిగించింది. ముందు గదిలో ఫ్యాను చప్పుడు మాత్రం ఆగలేదు.

“ప్లగ్గు పీకేరా అండీ?” అని కేకేసింది.

“ఆయ్,” అని చీకట్లోంచి వినిపించింది.

“మరి అదెలా తిరుగుతోందండీ? నన్ను ఆటపట్టిస్తున్నారా?”

“ఆయ్.”

ఈ వయసులో ఈయనకీ వేషాలేమిటనుకుంటూ ఆమె లాంతరు పట్టుకుని లేచింది. అప్పుడే పెరటి తలుపు తోసుకుని మాస్టారు లోపలికి వచ్చారు. చేతిలో మీటరు ఉంది.

“నువ్వు చెప్పేవని ఏసుదాసు రేడియో షాపుకెళ్ళి తెచ్చేను. ఎవరితోనే మాట్లాడుతున్నావు?”

సువర్ణ ముందు గది గడప దగ్గర లాంతరు ఎత్తి చూపించింది. గదిలో ఎవరూ లేరు. ప్లగ్గు నేల మీద పడి ఉంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

“తప్పు నాదేనే సువర్ణా,” అన్నారు మాస్టారు గొంతు తగ్గించి. “ఆ పెట్టె బాగోలేదు.”

“ఆయ్,” అని ముందు గదిలోంచి వినిపించింది.