మైనం బిళ్ళ

“ఇడ్లీలు ఇంత పచ్చగా ఉన్నాయేటే? సెట్నీ ఎక్కడ?”

“ముట్టుకోకు మావా! ఇంకా గడ్డ కట్టనేదు. అవి తినడానికి కాదు, నీ సేతులకి.”

వరహాలు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. స్టవ్ మీద పెద్ద గిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి. ఆ నీళ్ళలో చిన్న గిన్నె. అందులో తేనెమైనం, కొబ్బరినూనె, కాస్త ఆముదం కలిసి కరుగుతున్నాయి. గౌరీశ్వరి గరిటెతో తీసి ఇడ్లీ రేకు గుంటల్లో పోస్తోంది. మైనం సబ్బవరం నుంచి ఆమె అన్న తెచ్చిచ్చాడు, తేనెపట్టు పిండగా మిగిలింది.

“దీంతో వేలు బాగుపడతాదేటి?”

“మా అమ్మ కాలి పగుళ్ళకి ఇదే రాసీది. కాళ్ళకి పనిసేసింది వేళ్ళకి సెయ్యదా?”

పెళ్ళికి ముందునుంచీ ఆటోనగర్లో ఒక షెడ్డులో పని వరహాలుది. అక్కడ ఉక్కు కొలుములకి ఇటుకలు చేస్తారు. ఆ గరుకు ఇటుకలు మోసీ మోసీ వేళ్ళ మీది గీతలన్నీ అరిగిపోయాయి. ఇన్నాళ్ళూ దాంతో ఇబ్బంది లేదు. ఈ వేసవిలో ఓనరు వేలిముద్ర మిషన్ తెచ్చాడు. పేరు పిలిచి హాజరు వెయ్యడం ఆగిపోయింది. అందరి ముద్రలూ వాళ్ళ వాళ్ళ పేర్ల మీద పడ్డాయి. వరహాలు వేళ్ళలో ఒక్కటీ పడలేదు.

శనివారంలోగా ముద్ర పడకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదన్నాడు ఓనరు. దొంగ హాజరు కనిపిస్తే ముందు హాజరు చూసే టైంకీపర్నే ఇంటికి పంపిస్తానని కూడా అందరి ముందూ చెప్పాడు.

మొదటి బిళ్ళ చొక్కా జేబులోనే కరిగిపోయింది. “మన వైజాగ్ ఎండ సంగతి మర్సిపోయినాను” అని గౌరీశ్వరి మైనం పెంచింది. రెండోది రాయిలా తయారైంది.

“దీన్ని ఇటికల్లో కలిపీనా?” అన్నాడు వరహాలు.

“నీ నోట్లో కలిపీగల్ను. నోరుమూసుకో!”

మూడోసారి కుదిరింది. అరచేతుల మధ్య పట్టుకుంటే ఒంటి వేడికి పైపైన కరిగి చర్మంలోకి ఇంకింది. సాయంత్రం అతను రాగానే వేలు వేలుకీ రుద్ది, పాత పంచె గుడ్డ చుట్టి, అన్నం తనే కలిపి నోట్లో పెట్టేది.

“సంటిపిల్లోడివైపోనావ్ మావా.”

“ఉజ్జోగం పోతే ఇలాగే పెడతావేటి?”

“పోదు. తిను.”

శనివారం ఉదయం వరహాలు టైంకీపర్ గది కిటికీ ముందు నిలబడ్డాడు. టైంకీపర్ శ్రీరామ్మూర్తిది రాజమండ్రి. తిట్టకుండా ఎవరితోనూ మాట్లాడడు. తన హాజరుకి కుడి బొటనవేలు మిషన్ మీద పెట్టి, తర్వాతే కిటికీ తెరుస్తాడు. మిషన్ లోపల బల్లమీద ఆయన వైపు తిరిగి ఉంటుంది. పనివాళ్ళు ఊచల సందులోంచి చెయ్యి పెట్టాలి.

“ఏంట్రా, మీ ఆవిడ నిన్ను నూనెలో వేయించి పంపిందా? ఇటివ్వు చెయ్యి.”

మిషన్ కీచుమంది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ కీచుమంది. వరహాలు మొహం పాలిపోయింది.

శ్రీరామ్మూర్తి ఆ మొహంకేసి చూశాడు. “అద్దమంతా జిడ్డు చేశావు కదరా! తియ్యి, తియ్యి!” అంటూ విసుగ్గా ఎడమ బొటనవేలితో అద్దం తుడిచాడు. మళ్ళీ మళ్ళీ తుడిచాడు.

మిషన్ టింగుమంది.

“పడిందేటి బాబూ?”

“పడింది. ఇది ఆలోచించుకుని పలికే రకంలే. పో, పనిలోకి పో.”

ఆ సాయంత్రం వరహాలు వీధి చివరనుంచే అరుచుకుంటూ వచ్చాడు. గౌరీశ్వరి మైనం బిళ్ళని కళ్ళకద్దుకుని దేవుడి పటం దగ్గర పెట్టింది.

అప్పట్నుంచీ రోజూ అదే తంతు. వరహాలు వేలు పెట్టడం, శ్రీరామ్మూర్తి తిట్టి అద్దం తుడవడం, కాస్త ఆగి మిషన్ పలకడం.

వానాకాలంలో ఒకరోజు శ్రీరామ్మూర్తి ఎవరిదో పెళ్ళికని ఊరెళ్ళాడు. కిటికీలో ఓనరు బావమరిది కూర్చున్నాడు. ఎన్నిసార్లు పెట్టినా మిషన్ కీచుమనే అంది. “రేపు రా” అని పంపేశాడు.

“రాత్రి రాసుకున్నావా?” అంది గౌరీశ్వరి.

“నేదే... నిద్దరట్టీసింది.”

“అదీ సంగతి! ఒక్క పూట మానీసరికి ఏటయిందో సూసినావా?”

మర్నాడు రెండుసార్లు రుద్దుకుని వెళ్ళాడు. శ్రీరామ్మూర్తి తిరిగొచ్చాడు. తిట్టాడు, తుడిచాడు. టింగుమంది. ఆ తర్వాత వరహాలు ఒక్క పూట కూడా మానలేదు.

చలి మొదలయ్యాక గౌరీశ్వరి కొత్త బిళ్ళ ఒకటి పౌడరు డబ్బాలో పెట్టి ఇచ్చింది. “ఆ బాబు పాపం రోజూ నీ జిడ్డు తుడస్తన్నాడు. ఇచ్చి దండం ఎట్టు.”

వరహాలు డబ్బా ఊచల సందులోంచి అందించాడు. “మా ఇంటిది పంపింది బాబూ. నా కూడు నిలబెట్టింది ఈ బిళ్ళే.”

శ్రీరామ్మూర్తి మూత తీసి వాసన చూశాడు. ఒక్క క్షణం తిట్టు ఏదీ దొరకలేదు. “ఆవిడ చెయ్యి మంచిదిరా. నెలకొకటి పంపమని చెప్పు. చలికి నాకూ వేళ్ళు పగుల్తాయి.”

“మీకు పగిలితే ఏటి బాబూ? మీరేటి ఇటికలు మొయ్యాలా?”

“పగలకూడదు. నువ్వు పో ముందు!”

వరహాలు నవ్వుకుంటూ షెడ్డులోకి వెళ్ళిపోయాడు. శ్రీరామ్మూర్తి బిళ్ళ బయటికి తీశాడు. మిగతా వేళ్ళ జోలికి పోకుండా, ఎడమ బొటనవేలికి మాత్రం శ్రద్ధగా రాసుకున్నాడు.

మిషన్లో వరహాలు పేరు మీద ఉన్నది ఆ వేలే.