నాలుగో మూల

“ఎవడ్రా నా పెట్టె మీద చెయ్యి వేసింది?”

వడ్రంగి మేస్త్రి అరుపుకి షెడ్డు రేకులు అదిరాయి. చిత్రిక పడుతున్న బావమరిది చెయ్యి ఠక్కున ఆగిపోయింది.

బల్ల మీద టేకు పెట్టె ఉంది. ఒక్క మేకు కూడా వాడకుండా, పలకల అంచులు పళ్ళలా కోసి ఒకదాంట్లో ఒకటి దిగ్గొట్టిన పెట్టె. మేస్త్రి బొటనవేలి గోటితో మూలలన్నీ తడిమాడు. మూడు మూలల్లో గోరు జారిపోయింది. నాలుగో మూలలో ఇరుక్కుపోయింది.

“మూడు మూలలు అద్దంలా ఉన్నాయి. నాలుగోదాంట్లో బొద్దింక కాపురం పెట్టొచ్చు! రంపం గీత దాటి పడింది. నేను కోస్తానా ఇలా?”

“వెలుతురు సరిగ్గా లేక ఏమైనా... బావా...”

“నా కళ్ళ మీదికి తోస్తావా? కళ్ళజోడు తగిలించుకుని ఉలి పట్టే రకం కాదు నేను!” జిగురు డబ్బా మీదున్న కుంచె తీసి వాడి ముక్కు కింద పెట్టాడు. “పొద్దుట్నించి ఈ డబ్బా మూతే తియ్యలేదు నేను. కుంచె ఇంకా ఆరలేదేం? నా సన్న ఉలి చోటెందుకు మారింది? అన్నం తిని కాస్త కునుకు తీస్తే చాలు, ఇక్కడ ఎవడో దూరుతున్నాడు. ఈ షెడ్డుకి తాళంచెవులు రెండే. ఒకటి నా దగ్గరుంది. రెండోది?”

“నాది. కానీ నీ పెట్టె నేను ముట్టుకోలేదు బావా. అక్క మీద ఒట్టు.”

“మధ్యలో అక్కెందుకు? ఈ వయసులో నాకు మిగిలిన సంతోషం ఇదొక్కటి. దాని మీదా నీ కన్ను పడిందా? ఉలులు సర్దుకో. నడు బయటికి!”

బావమరిది ఉలులు సంచిలో వేసుకున్నాడు. ఒక్కసారి మాత్రం గుమ్మం వైపు చూశాడు.

గుమ్మంలో మేస్త్రి భార్య నిలబడి ఉంది.

“వాణ్ణెందుకు గెంటుతారు? మధ్యాహ్నాలు వాడి తాళంచెవి నా దగ్గరుంటుంది.”

మేస్త్రి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. “అంటే చెడగొట్టింది నువ్వా?”

ఆమె కళ్ళజోడు సర్దుకుని పెట్టె దగ్గరికొచ్చింది. మూడు మూలల్లోనూ పళ్ళ సందుల్లో అతికించిన సన్నటి చెక్కపేళ్ళను ఒక్కొక్కటే వేలితో చూపించింది. మేస్త్రి ముక్కు ఆనేంత వంగి చూశాడు. టేకు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

“ఏడాదిగా మీ సందులు పూడుస్తున్నది నేనే. ఇవాళ మూడు మూలలు అయ్యేసరికి మీ దగ్గు వినబడింది, పారిపోయాను,” అంది. “ఆ నాలుగోదాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అదొక్కటే అచ్చంగా మీ పని.”