పదకొండో చేను

కాలువ వంతెన పిట్టగోడ మీద కూర్చుని శాంభవి ఒళ్ళో ల్యాప్‌టాప్ తెరిచేసరికి చినుకు మొదలైంది.

ఆ ఊరికి సిగ్నల్ అందేది వంతెన మీదే.

తుపానుకు పడిపోయిన వరిచేలు చూసి, ఒక్కో చేలో రైతును నిలబెట్టి ఫొటో తీసి ఆన్‌లైన్లో పంపడం ఆమె పని. మనిషి చేలో కనిపించకపోతే ‘రైతు లేడు’ అని నొక్కాలి. ఇక ఆ చేనుకు పరిహారం రాదు.

పక్క ఊళ్ళలో పది చేలు అయ్యాయి. పదకొండోది వంతెన కిందే, కరెంటు స్తంభం పక్కన.

ఫోను మోగింది.

“శాంభవీ, ఐదింటికి లింకు మూసేస్తారమ్మా. ఏదీ ఖాళీగా వదలకు,” అన్నారు విజయవాడ ఆఫీసు నుంచి నాగేశ్వరరావు గారు.

“సరేనండీ.”

అప్పటికి నాలుగూ నలభై.

చేలోకి దిగేదాకా తాను సర్వేకి వచ్చానని శాంభవి ఎవరికీ చెప్పదు. చెబితే జనం మూగుతారు, మా చేను ముందు చూడమంటారు. పాత ల్యాప్‌టాప్ సంచి బస్సు దిగుతూనే పట్టిచ్చేసేది. అందుకే కిలో బరువు కూడా లేని ఈ కొత్తది కొనుక్కుంది. హ్యాండ్‌బ్యాగులో పడేస్తే చుట్టపుచూపుగా వచ్చిన పిల్లలాగే ఉంటుంది.

చినుకు జల్లయింది.

గొడుగు వేసుకున్న ఒక పెద్దాయన గబగబా వంతెన దాటుతున్నాడు.

“ఏవండీ, కాస్త గొడుగు పట్టరూ? ఇది తడిస్తే నా పనంతా పోతుంది.”

“నేను చేలో ఉండాలమ్మా.”

“ఈ వానలో చేలో ఏముందండీ? ఐదు నిమిషాలే.”

ఆయన రోడ్డు అటూ ఇటూ చూశాడు. ఏ బండీ రావడం లేదు. వచ్చి ల్యాప్‌టాప్ మీదికి గొడుగు వంచాడు.

“కంపెనీ పనా అమ్మా?”

“ఆ, అలాంటిదే.”

“మా కోడలూ ఇంతే. నట్టింట్లో కూర్చుని బెంగళూరు వాళ్ళతో పోట్లాడుద్ది. కూర అడుగంటినా లేవదు.”

తెర మీంచి కళ్ళు తిప్పకుండానే శాంభవి నవ్వింది.

“పలకంత కూడా లేదు. ఇందులో ఏం పడుద్దమ్మా?”

“మీ మండలమంతా పడుతుందండీ.”

“బురదతో సహానా?”

ఫొటోలు ఒక్కొక్కటే నత్తల్లా వెళుతున్నాయి.

“ఇంకెంతసేపమ్మా?”

“అయిపోవచ్చింది. కదలకండి, జల్లు కొడుతోంది.”

ఆయన కదల్లేదు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది.

పదో చేను ఫొటో వెళ్ళేసరికి నాలుగూ యాభై ఎనిమిది.

శాంభవి తల తిప్పి స్తంభం వైపు చూసింది. మనిషి నిలబడి ఉంటే వంతెన మీంచే ఫొటో తీసేది. నీళ్ళలో పడుకున్న వరి తప్ప అక్కడెవరూ లేరు.

‘రైతు లేడు’ అని నొక్కి, జాబితా పంపేసింది. పంపాక ఇక దాన్ని ఎవరూ మార్చలేరు.

“అయిందా అమ్మా?”

“అయిందండీ. మీరు లేకపోతే అయ్యేది కాదు.”

“మంచిదమ్మా,” అంటూనే ఆయన గట్టు దిగాడు.

ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టుకుని, బస్సు వస్తుందేమోనని చూస్తూ శాంభవి అటు తిరిగింది.

ఆయన కరెంటు స్తంభం పక్క చేలోకి మోకాలి లోతు నీళ్ళలో దిగి, గొడుగు మూసి, జేబులోంచి ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఆధార్ కార్డు తీసి గుండెకు ఆనించుకుని, ఆఫీసరు జీపు రావలసిన దారికేసి తిరిగి నిటారుగా నిలబడ్డాడు.