రెండో పరమాణువు

“వచ్చిందా అన్నయ్యా?” తలుపు దగ్గరనుంచే అడిగింది చెల్లెలు.

“రాలేదు,” అన్నాడు స్క్రీను మీంచి కళ్ళు తిప్పకుండా. “నీ డ్యూటీలన్నీ నా నెత్తిన రుద్దావుగా, వస్తే నేనే చెప్తాలే.”

పేరొచ్చాక మహారాణికి ఇలా స్క్రీను ముందు కూర్చోవడం నామోషీ అయిందని అతని మంట. ప్రకృతిలో ఎక్కడా లేని బరువైన మూలకాన్ని పుట్టించాలని ఏళ్ళ తరబడి తంటాలు పడిందీ అతనే. చెల్లెల్ని ఈ ల్యాబులో చేర్పించిందీ అతనే. తీరా ఆ మూలకం పరమాణువు ఒకే ఒక్కటి పుట్టి, రెప్పపాటులో విరిగిపోయింది. అదీ చెల్లెలి డ్యూటీలో!

అయితే రెండోది కనిపిస్తే తప్ప మొదటిది ఖాయం కాదు. “మిషను పొరపాటేమో” అని మీటింగులో ముందుగా అన్నది కూడా అతనే. రెండోది రాకూడదనే రోజూ కోరుకుంటున్నాడు.

స్క్రీను మీద ఒక గీత లేచింది. వెనకే ఇంకోటి, ఇంకోటి. పరమాణువు విరిగిన గుర్తులు, అచ్చం చెల్లెలు చూపించిన వరసలోనే.

పొరపాటు దొరుకుతుందేమోనని మళ్ళీ మొదటినుంచి చూశాడు. కళ్ళారా చూసింది లేదని ఎలా అంటాడు?

“వచ్చింది,” అన్నాడు. “నువ్వు చెప్పింది నిజమే. పండగ చేసుకో.”

చెల్లెలు కుర్చీలో కూలబడి భోరుమంది.

“ఏడుస్తావేంటే?”

“నీకే కనిపించాలని నా డ్యూటీలన్నీ ఇచ్చేశాను. ఇంకెవరు చూశామన్నా నువ్వు నమ్మవుగా అన్నయ్యా!”