డాక్టరమ్మ రాసిన మందు

“ఇందులో ఉన్నది నిజంగా చేప నూనేనా?” ఆర్విడ్ సోల్బర్గ్ మళ్లీ అడిగాడు.

కౌంటరు వెనక నిలబడ్డ డెల్లా కళ్లు మూసుకుని తెరిచింది. ఈ ఊరికి వచ్చి, ఈ మందుల షాపులో చేరి నెల కాలేదు. అప్పుడే ఇలాంటి మనిషి తగిలాడు. అతని వెనక క్యూ తలుపు దాకా పాకింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మంచుగాలి లోపలికి కొడుతోంది.

“చేప నూనేనండీ. శుద్ధి చేసి, బలం పెంచిన మందు. మీ రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు తొమ్మిది వందలు దాటింది. నూటయాభై లోపు ఉండాలి.”

“సరస్సులో నేనే చేపలు పడతా. అవి తింటే చాలదా?”

“చాలదు. పైగా మీరు వెన్నలో వేయించుకుని తింటారు.”

“ఆ అరలో చేప నూనె సీసాలు ఉన్నాయిగా?”

“వాటి బలం మీ జబ్బుకి ఆనదు. ఈ మాత్రలే వేసుకోవాలి, పూటకి రెండేసి, రెండు పూటలా, భోజనంతో పాటు. బీరు, తీపి మానాలి.”

“వేసుకోకపోతే?”

“కడుపులో క్లోమం వాస్తుంది. ప్రాణం మీదికొస్తుంది.”

“వేసుకున్నవాళ్లెవరూ పోలేదు కదా?”

క్యూలో ఎవరో గట్టిగా నిట్టూర్చారు.

“పూటకి రెండేసి అంటే ఎక్కువ కాదూ? పొరపాటున రాశారేమో. ఒక్కసారి క్లినిక్‌కి ఫోన్ చెయ్యమ్మా.”

డెల్లా పళ్లు నూరుకుంటూ ఫోన్ చేసి వచ్చింది. “సరిగ్గానే రాశారట. ‘ఆ మొండి మనిషిని నోరు మూసుకుని మింగమనండి’ అన్నారు డాక్టరు గారు.”

“నవ్వుతూ అందా, కోపంగా అందా?”

డెల్లాకి ఓపిక నశించింది. “ఎలా అంటే మీకెందుకండీ? అంత నమ్మకం లేకపోతే వేరే డాక్టరు దగ్గరికి వెళ్లండి.”

“చుట్టుపక్కల ఎక్కడా ఇంకో డాక్టరు లేరుగా.”

“మరి ఆవిడ రాసింది వేసుకోండి. ఊరందరికీ మందులు రాసే మనిషి. మీ ఒక్కరి మీద ఆవిడకి పగేముంటుంది?”

ఆర్విడ్ మందు సీసాను కోటు జేబులో వేసుకున్నాడు. టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు.

“అది తేల్చుకోలేకే నిన్నింతసేపు విసిగించానమ్మా,” అన్నాడు. “పోయిన నెల దాకా ఆవిడ నా భార్య.”