కుడికాలి నాలుగో వేలు

వాఫిల్ ముగ్గుర్ని కొరికింది. పన్నెండేళ్ళు దాటిన ఆ పిల్లిని ఇక ఎవరూ పెంచుకోరు కాబట్టి, సాయంత్రం అయిదింటికి సూది మందుతో చంపేయాలని దిక్కులేని జంతువుల షెల్టర్ వాళ్ళు నిర్ణయించారు. నొప్పి వల్లే కొరుకుతోందని, ఆ నొప్పి నయమైందని ఎవరైనా డాక్టరు రాసిస్తేనే దానికి బతుకు.

డాక్టర్ మారిసా ప్రూయిట్ గడియారం చూసింది. రెండుమ్ముప్పావు.

ఎదురుగా ఐలీన్ బ్రూబేకర్ కూర్చుని ఉంది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. షెల్టర్ వాళ్ళను బతిమాలి, పిల్లిని తువ్వాల్లో చుట్టి పట్టుకొచ్చింది. అందర్నీ కొరికిన పిల్లి ఆమె చేతుల్లో కుదురుగా ఉంది. మారిసాకు సంగతి అర్థమైపోయింది. పెంచి, వదిలించుకుని, ఇప్పుడు పరుగెత్తుకొచ్చిన బాపతు. ఈ టొలీడో ఊళ్ళో ఇలాంటివాళ్ళకు కరువేమీ లేదు.

మత్తిచ్చి ఎక్స్‌రే తీసింది. ముందుకాళ్ళ వేళ్ళ చివరి కణుపులు లేవు. సోఫాలు గీరకుండా, గోళ్ళు మళ్ళీ మొలవకూడదని ఎప్పుడో ఎముకతో సహా కోసేశారు. ఆ కోసిందీ సరిగ్గా కొయ్యలేదు. కుడికాలి మూడో వేల్లో ఎముక ముక్క మిగిలిపోయింది. దాన్నుంచి గోరు వంకరగా మొలిచి చర్మం లోపలే గుచ్చుకుంటోంది. చీము పట్టింది. దొడ్డికి పెట్టిన ఇసుక పెట్టెలో కాలు పెడితే ప్రాణం పోతుంది కాబట్టి కార్పెట్ పాడుచేస్తోంది. పాదం ముట్టుకుంటే కొరుకుతోంది. గోళ్ళు లేని పిల్లికి మిగిలింది పళ్ళేగా.

మారిసాకు ఒళ్ళు మండింది.

"సోఫా బాగుందా?" అంది.

ఐలీన్ ఎక్స్‌రే వైపే చూస్తోంది.

"పన్నెండేళ్ళు నరకం చూసిందిది. ఒక్కరోజన్నా దీని నడక చూశారా మీరు?"

"లేదు, డాక్టరమ్మా. చూడాల్సింది."

కోసేముందు కాలిక్కూడా విడిగా మత్తు సూది వేస్తారా అని మెల్లగా అడిగింది. వీలైతే నాలుగో వేలు కూడా ఒకసారి తెరిచి చూడమంది. పైగా సలహాలొకటి అనుకుంది మారిసా. నా పని నన్ను చేసుకోనివ్వండి అంటూ ఒప్పుకోలు కాగితం ముందుకు తోసింది. ఐలీన్ తన పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టింది.

మూడుంబావుకు కత్తి పట్టింది మారిసా. సగంలో ఉండగా పిల్లి గుండె మందగించింది. మత్తు తగ్గించి, చేతులు కదపకుండా నిలబడింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. మెల్లగా మళ్ళీ దారిలో పడింది. మారిసా నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంది.

మూడో వేల్లోంచి ఎముక ముక్క, వంకర గోరు బయటికొచ్చాయి. నాలుగో వేలు ఎక్స్‌రేలో శుభ్రంగానే ఉంది. కుట్లు వేసేద్దామనుకుంది. ఎందుకో మనసొప్పక తెరిచింది. బియ్యపు గింజలో సగం ఉంటుందేమో, అక్కడా ఒక ముక్క ఉంది.

అయిదుకు పది నిమిషాలుండగా షెల్టర్‌కు కాగితం పంపి ఫోన్ చేసింది. వాళ్ళు ఏవేవో ప్రశ్నలు వేసి, చివరికి సరేనన్నారు. వాఫిల్ బతికింది.

ఐలీన్ మొహం కప్పుకుని ఏడ్చింది. అది చూసి మారిసా మెత్తబడింది. ఇందాకటి మాటలు మనసులో పెట్టుకోవద్దంది. ఆ రోజుల్లో పేపర్లో సగం ధర కూపన్లు వేసి మరీ కోసేవాళ్ళని, పెంచుకునేవాళ్ళకేం తెలుస్తుందని, పాపమంతా కోసినవాళ్ళదేనని ఓదార్చింది. సొరుగులోంచి పశువైద్య మండలికి పంపే ఫిర్యాదు కాగితం తీసింది.

"ఎవరు చేశారో రాయండి. రిటైరై ఇంట్లో కూర్చున్నా సరే, నేను వదిలిపెట్టను."

ఐలీన్ కళ్ళు తుడుచుకుని, పెన్ను అందుకుని, 'ఆపరేషన్ చేసిన డాక్టరు' అన్న చోట, ఇందాక ఒప్పుకోలు కాగితం మీద రాసిన పేరే మళ్ళీ రాసింది.