ఆరు పాకెట్ల ప్రాణం

ఎరువుల వ్యాపారి చేతిలో ఆ ఉదయానికి ఉన్నవి ఒక కొట్టు, అన్నతో కలిసి ఉన్న చేనులో సగం వాటా, బల్ల మీద ఆరు పాకెట్ల నల్లటి పొడి. ఆ పాకెట్లను అన్న వైపు తోశాడు.

"ఊరికే ఇచ్చానని తేలిగ్గా చూడకు అన్నయ్యా. ఇవి ప్రాణమున్నవి."

అన్న ఒక పాకెట్ చెవి దగ్గర ఆడించాడు. "పలకడం లేదే!"

"బాక్టీరియా. కంటికి కనిపించవు. సోయా వేళ్లలో కాపురం పెట్టి, గాలిలోని నత్రజనిని మొక్కకి తిండిగా మారుస్తాయి. మన చేలో ఎప్పుడూ సోయా వేయలేదు కాబట్టి ఆ జాతి అక్కడ లేదు. పంచదార నీళ్లతో విత్తనానికి పట్టించి నీడలో ఆరబెట్టాలి. ఎండ సోకిందా, చచ్చి ఊరుకుంటాయి. ఇక అది ఉత్త బొగ్గుపొడి."

"ఇన్ని మర్యాదలు నువ్వు మీ మామగారికి కూడా చేసి ఉండవు."

వ్యాపారి నవ్వలేదు. "ఒప్పందం గుర్తుంది కదా?"

అన్న ముఖంలో నవ్వు పోయింది. "ఉంది. ఈ ఒక్క పంట. పండకపోతే ఇటుకల బట్టీవాడి కాగితం మీద సంతకం పెడతాను."

నాలుగేళ్లుగా ఆ చేను పెట్టినంత కూడా తిరిగి ఇవ్వలేదు. బట్టీవాడు మనిషి లోతు మట్టి తవ్వుకుంటానన్నాడు. మట్టి అమ్మితే కొట్టు పక్కన గోదాము లేస్తుంది. ఈ లెక్కను వ్యాపారి అన్న దగ్గర ఏనాడూ దాచలేదు. అయినా ఒక పంటకాలం ఆగడానికి ఒప్పుకున్నాడు, పాకెట్లూ తనే ఇచ్చాడు. తమ్ముడంటే ఇలా ఉండాలని వీధిలో అందరూ అన్నారు.

వదిన వచ్చి పాకెట్లు బుట్టలో వేసుకుంది. విత్తనం సిద్ధం చేసే పని ఎప్పుడూ ఆమెదే. కొట్టుకీ ఆమె వంటగదికీ మధ్య ఒక్క గోడే.

"నీడలోనేగా మరిదీ?"

"నీడలోనే వదినా."

మర్నాడు ఆమె పుట్టింటికి వెళ్లి, పొద్దు వాలేలోగా తిరిగొచ్చింది. ఆ మర్నాడు విత్తారు.

మూడో వారానికి ఆకులు పాలిపోయాయి. వ్యాపారి గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాడు.

"పసుపు తిరిగిపోయింది అన్నయ్యా. బట్టీవాడికి కబురు పెట్టనా?"

"పది రోజులు ఆగరా."

"పది రోజుల్లో ఏం మారుతుంది?"

"ఏమో. మట్టి తవ్వేశాక నేనేం చేయాలి చెప్పు? గోతి పక్కన కూర్చుని లోపలికి చూస్తూ ఉండాలా?"

వ్యాపారి గట్టు దిగి కొట్టు దారి పట్టాడు.

పది రోజులు గడిచాయి. ఇంకో వారం కూడా గడిచింది. అన్న పరుగున కొట్టుకి వచ్చి, బేరం మధ్యలో ఉన్నవాణ్ణి చెయ్యి పట్టుకుని చేనుకి లాక్కెళ్లాడు. చేనంతా ముదురు పచ్చగా ఉంది. అన్న ఒక మొక్కను మట్టిగడ్డతో సహా పెకలించి నీళ్లలో జాడించాడు. వేళ్ల నిండా బుడిపెలు. వ్యాపారి ఒకదాన్ని గోటితో చీల్చాడు. లోపల గులాబీ రంగు.

"అంటే?"

"అంటే... బతికున్నాయి. పని చేస్తున్నాయి."

"మరి ఆ మాట ఏడుపు ముఖంతో చెబుతావేంట్రా? ఏడవాల్సింది నేను!" అంటూ అన్న అతన్ని వాటేసుకున్నాడు.

ఆ రోజు నుంచి ఎదురైన ప్రతివాడికీ అన్న చెప్పేది ఒకటే మాట: "చచ్చిన చేనుకి మా తమ్ముడు ప్రాణం పోశాడు."

కోతలయ్యాయి. బట్టీవాడి కాగితం చిరిగిపోయింది. అన్న మొదటి బస్తా స్వయంగా మోసుకొచ్చి కొట్టులో దించాడు.

"ఇది నీ వాటాలోది కాదు. నేనిచ్చేది."

"వద్దు అన్నయ్యా."

"నోర్ముయ్. పెద్దవాణ్ణి ఇస్తున్నాను," అని వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

వదిన గుమ్మంలో ఆగింది. "ఉంచుకో మరిదీ. వెనక్కి పంపితే ఎందుకని అడుగుతారు."

"వదినా, ఆ పొడి..."

"ఆ పొడి మా ఇంట్లో డబ్బాలో అలాగే ఉంది. విత్తనానికి పట్టించింది మా పుట్టింటి సోయా చేలో మట్టి. అక్కడ మూడేళ్లుగా బంగారంలా పండుతోంది."

వ్యాపారి అన్న వెళ్లిన వైపు చూశాడు. "అన్నయ్యకి తెలుసా?"

"తెలీదు. ఆయన లెక్కలో చేను దక్కింది, పంట వచ్చింది, తమ్ముడున్నాడు. అందులోంచి ఒక్కటి కూడా తీసెయ్యడం నాకిష్టం లేదు."

ఆమె అతని ముఖంలోకి చూడకుండా గొంతు తగ్గించింది.

"ఇచ్చే ముందు ఆ పాకెట్లను మూడు రోజులు కొట్టు పైకప్పు రేకుల మీద ఎండబెట్టావు."